పాడైంది ఇయర్‌ఫోనా? చెవా?

(బాటసింగారంలో రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చెవి, ముక్కు, గొంతు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీరంతా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేక, వారిని చూసుకోవడానికి వచ్చినవారు. మీ చెవుల గురించి, మీ చేతిలో ఉన్న ఇయర్‌ఫోన్ గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వుకుని ఉంటారు. "ఇయర్‌ఫోన్ సంగతి దుకాణంవాడు చెబుతాడు, డాక్టర్లు చెప్పేదేముంది?" అని. అలా అనుకునే ఒక అబ్బాయి తన చెవి పోగొట్టుకున్నాడు. ముందు అతని సంగతి వినండి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో మన బాటసింగారానికి తరలివచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాసే కుర్రవాడు అతను. మామిడి కాయల రోజుల్లో రాత్రంతా లారీలు దిగుతూనే ఉంటాయి. హారన్లు, హమాలీల కేకలు, వేలంపాట. ఆ గోలలో పాటలు వినపడాలని ఇయర్‌ఫోన్ సౌండు బాగా పెంచేవాడు. ఒకరోజు పొద్దున ఎడమవైపు సౌండు తగ్గిపోయింది. ఇయర్‌ఫోన్ పాడైందనుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కొత్తది కొన్నాడు. దానిలోనూ ఎడమవైపు సరిగ్గా లేదు. నకిలీ సరుకు అంటగట్టారని దుకాణంవాడితో గొడవపడి మార్చుకున్నాడు. మూడోదీ అంతే. అప్పుడు ఫోనే పాడైందనుకుని దాన్ని బాగుచేయించడానికి ఇచ్చాడు. చివరికి వాళ్ళమ్మ "ఎడమవైపు నుంచి పిలిస్తే వీడు పలకడం లేదు" అని గమనించి మా దగ్గరికి తీసుకువచ్చింది. అప్పటికి ఇరవై రోజులకు పైగా గడిచాయి. పరీక్ష చేస్తే ఎడమ చెవి నరం దెబ్బతిన్నట్టు తేలింది. మందులు ఇచ్చాము, కొంత వినికిడి వచ్చింది, పూర్తిగా రాలేదు. ఎందుకు వచ్చిందో కచ్చితంగా చెప్పలేము. వైరస్ కావచ్చు, రక్తప్రసరణ కావచ్చు, శబ్దం కావచ్చు. కానీ మొదటి మూడు నాలుగు రోజుల్లో వచ్చి ఉంటే అవకాశం ఇంతకంటే ఎక్కువగా ఉండేది. ఆ రోజులన్నీ దుకాణాల చుట్టూ తిరగడంలో పోయాయి.

ఈ రోజు మీరు ఇక్కడి నుంచి ఒక్క పరీక్ష నేర్చుకుని వెళితే చాలు. దానికి పైసా ఖర్చు లేదు.

ఒకవైపు సౌండు తగ్గిందనిపించగానే ఇయర్‌ఫోన్ రెండు వైపులనూ తారుమారు చేయండి. ఎడమ చెవిది కుడి చెవికి, కుడి చెవిది ఎడమ చెవికి పెట్టుకోండి. వంపు వల్ల సరిగ్గా కూర్చోకపోతే చేత్తో పట్టుకుని ఉంచండి, అర నిమిషం చాలు. ఇప్పుడు గమనించండి. తగ్గిన సౌండు ఇయర్‌ఫోన్‌తో పాటు రెండో చెవికి మారిందా? అయితే లోపం ఇయర్‌ఫోన్‌లోనో ఫోన్‌లోనో ఉంది. అలా కాకుండా ఏది పెట్టినా అదే చెవికి తక్కువగా వినిపిస్తోందా? అయితే లోపం చెవిలో ఉంది. అనుమానం ఉంటే పాట వద్దు, ఎవరైనా మాట్లాడిన రికార్డు పెట్టి వినండి. కొన్ని పాటల్లో రెండు వైపులా వేర్వేరు వాద్యాలు వస్తాయి, పొరపడతారు. మాట అయితే సాధారణంగా రెండు వైపులా సమానంగా వస్తుంది.

లోపం ఇయర్‌ఫోన్‌దే అయితే సంతోషించండి, అది బాగయ్యేదే. ఎక్కువసార్లు కారణం చాలా చిన్నది. చెవిలోకి పోయే ముక్కకు చివర సన్నని జాలీ ఉంటుంది. దానికి గుబిలి, కొందరు గులిమి అంటారు, అది పట్టుకుని ఎండిపోతుంది. జాలీని కిందివైపుకు వంచి పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా దులపండి. పైకి పెట్టి దులిపితే మురికి లోపలికే పోతుంది. నీళ్ళు, స్పిరిట్ జాలీలోకి పోయకూడదు. రబ్బరు టోపీలను మాత్రం తీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టుకోవచ్చు. తడి రబ్బరు చెవిలో పెడితే చెవి రంధ్రంలో దురద, చీము మొదలవుతాయి.

వైరు ఉన్నదైతే పిన్ను దగ్గర, రెండు వైర్లు చీలే చోట మెల్లగా వంచి చూడండి. సౌండు వచ్చిపోతుంటే లోపల తీగ తెగింది, అతకడం కంటే కొత్తది కొనడమే నయం. ఫోన్ రంధ్రంలో జేబులోని నూలు పోగులు చేరినా పిన్ను పూర్తిగా దిగదు. ఫోన్ ఆపేసి పుల్లతో తీయండి, గుండుసూది పెట్టకండి. బ్లూటూత్ బడ్స్ ఒకటి పలకకపోతే డబ్బాలో దాని ఇత్తడి రంగు చుక్కలు, బడ్‌కు ఉన్న చుక్కలు పొడి దూదితో తుడవండి. చెమట పట్టి ఛార్జింగ్ ఎక్కకపోవడమే చాలాసార్లు జరిగేది. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో పాత జతను తీసేసి మళ్ళీ కలపండి. ఇంకొక సంగతి, ఫోన్ సెట్టింగులలో ఎడమ కుడి సౌండును సర్దే గీత ఒకటి ఉంటుంది. పిల్లల చేతిలో ఫోన్ పడితే అది ఒక పక్కకు జరిగిపోతుంది. కొత్త ఇయర్‌ఫోన్ కొనేముందు దాన్ని చూడండి. మా దగ్గరికి చెవి చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన రోగం ఆ గీత సర్దగానే నయమైంది!

ఇక లోపం చెవిలో ఉంటే అప్పుడు ఏం చేయాలో జాగ్రత్తగా వినండి.

చాలామందికి గుబిలి గడ్డకట్టి అడ్డం పడటమే కారణం. గంటల తరబడి ఇయర్‌ఫోన్ బిగించుకుంటే సహజంగా బయటకు రావలసిన గుబిలి లోపలికి నెట్టబడుతుంది. కానీ అదే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఇంకొక చిన్న పరీక్ష ఉంది. నోరు మూసుకుని "మ్‌..." అని కాసేపు మూలగండి. ఆ శబ్దం ఏ చెవిలో గట్టిగా వినిపిస్తోంది? వినపడని చెవిలోనే గట్టిగా ఉంటే చాలావరకు గుబిలో, జలుబు వల్ల చేరిన నీరో అడ్డం పడి ఉండవచ్చు. బాగున్న చెవివైపు గట్టిగా ఉంటే అవతలి చెవి నరం దెబ్బతిని ఉండవచ్చు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, ఎంత తొందరపడాలో తెలుసుకోవడానికి మాత్రమే. శృతిదండంతో మేము చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం అనుకోండి.

నరం వల్ల హఠాత్తుగా, అంటే గంటల్లోనో మూడు రోజుల లోపునో వినికిడి పడిపోతే దాన్ని మేము అత్యవసరంగా చూస్తాము. రాత్రి పడుకునేటప్పుడు బాగుండి, లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టు ఉంటుంది. గుయ్యిమని హోరు వస్తుంది, కొందరికి తల తిరుగుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే జనం పట్టించుకోరు. స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. కొందరికి మందు లేకుండానే తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఎవరికి వస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈ మందులతో చక్కెర పెరుగుతుంది, అటువంటివారికి కర్ణభేరి గుండా లోపలికి సూదిమందు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో, విమానం దిగి నడుస్తుండగా ఒక్కసారిగా ఏమీ వినపడలేదని, వైరస్ వల్ల నరాల వినికిడి లోపం వచ్చిందని డాక్టర్లు చెప్పారని తెలియజేశారు. అప్పుడే ఆమె పెద్ద శబ్దాల విషయంలో, హెడ్‌ఫోన్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని అభిమానులను కోరారు.

కాబట్టి వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం, పిన్నీసు, అగ్గిపుల్ల తిప్పడం, రోడ్డు పక్కన చెవి శుభ్రం చేసేవారి ముందు కూర్చోవడం, ఇవేవీ చేయకండి. అదే రోజు, కుదరకపోతే మరునాడు చెవి డాక్టరుకు చూపించండి. ఇక్కడికి రాగలిగితే రండి. నగరంలో ఉంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఎక్కడైనా ఫరవాలేదు, రోజులు పోనివ్వవద్దు.

హఠాత్తుగా పోయేది అరుదు. నెమ్మదిగా పోయేది మాత్రం ఇంటింటా ఉంది. లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. దానిలో సన్నని రోమకణాలు, పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. పెద్ద శబ్దానికి అవి ముందు అలసిపోతాయి, తర్వాత చచ్చిపోతాయి. పక్షులకు ఈ కణాలు మళ్ళీ మొలుస్తాయి, మనుషులకు మొలవవు. ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలను పట్టే కణాలు. అందువల్ల శబ్దం వినిపిస్తుంది కానీ మాట తెలియదు. స, శ, చ వంటి అక్షరాలు జారిపోతాయి. "సారు వచ్చారు" అంటే "చారు తెచ్చారా" అని అడుగుతారు. ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ నవ్వులాటలోనే నాలుగైదు సంవత్సరాలు గడిచిపోతాయి.

ఎంత సౌండు ఎంతసేపు వినవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. పెద్దవారు 80 డెసిబెల్ సౌండును వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు 75 డెసిబెల్, అదే 40 గంటలు. సౌండు మూడు డెసిబెల్ పెరిగితే వినదగిన సమయం సగమవుతుంది. అంటే 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. 90 దగ్గర వారానికి నాలుగు గంటలే. 100 దగ్గర వారం మొత్తానికి సుమారు 20 నిమిషాలు! మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్ ఉంటుంది. ఫోన్ సౌండు పూర్తిగా పెడితే చాలా ఇయర్‌ఫోన్లు 100 దాకా పోగలవు. ఇప్పుడు మీ అబ్బాయి ఎల్బీనగర్ నుంచి బస్సులో వచ్చే గంట ప్రయాణం ఈ లెక్కలో వేసుకోండి. బస్సు ఇంజను, హైవే హారన్లు కలిపి 80 దాటతాయి. దాని మీద పాట వినపడాలంటే 90కి పైగా పెడతాడు. పోను గంట, రాను గంట. ఆ వారం కోటా రెండు రోజుల్లో అయిపోతుంది.

డెసిబెల్ కొలవడానికి మీ దగ్గర యంత్రం ఉండదు. చాలా ఫోన్లలో సౌండు ఎక్కువైందని హెచ్చరిక వస్తుంది, దాన్ని "సరే" అని నొక్కి దాటవేయకండి. లేదా సౌండు గీతను సగం కంటే కొంచెం పైన, నూటికి 60 దగ్గర ఆపండి. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే మీకు తెలియాలి. మీ ఇయర్‌ఫోన్ పాట ఆ మనిషికి వినపడితే మీ చెవికి అది చాలా ఎక్కువ.

కొనేటప్పుడు అందరూ "బేస్ బాగుందా" అని అడుగుతారు. అడగవలసింది "బయటి శబ్దాన్ని ఎంత ఆపుతుంది" అని. బయటి గోల లోపలికి రాకపోతే సౌండు పెంచవలసిన పని ఉండదు, చెవిని కాపాడేది అదే. రబ్బరు టోపీలు మూడు సైజుల్లో ఇస్తారు. మధ్య సైజే తగిలించి వస్తుంది, మిగతా రెండూ డబ్బాలోనే పారేస్తాము. మూడూ పెట్టి చూడండి, రెండు చెవులకు వేర్వేరు సైజు కూడా పట్టవచ్చు. వదులుగా ఉంటే బేస్ పోతుంది, మనం సౌండు పెంచుతాము. బయటి శబ్దాన్ని రద్దు చేసే రకం బస్సు, ఫ్యాన్, ఏసీ వంటి ఒకే తీరు రొదను బాగా తగ్గిస్తుంది, మనుషుల మాటలను అంతగా తగ్గించదు. బండి నడిపేటప్పుడు, రోడ్డు, రైలు పట్టాలు దాటేటప్పుడు ఏ రకమూ వద్దు. చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, ఈ మధ్య చెవి ఆపరేషన్ అయినవారు చెవిలోకి దూర్చే రకం వాడకూడదు. చెవిని పైనుంచి కప్పే రకం వాడవచ్చో లేదో కూడా ముందు డాక్టరును అడగండి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళుతూ రోజంతా ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్లలకు కప్పే రకమే మేలు. గంటకొకసారి పది నిమిషాలు తీసి పక్కన పెట్టమని చెప్పండి. ధర సంగతి నేను చెప్పను, ఎక్కువ ధర పెడితే చెవి చెడదని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు ఆసుపత్రిలో, మంచం పక్కన ఉండే మీకు కొన్ని మాటలు.

గుండెకు పేస్‌మేకర్ గానీ, షాక్ ఇచ్చే యంత్రం గానీ అమర్చినవారి దగ్గర బ్లూటూత్ బడ్స్‌ను, ముఖ్యంగా వాటి డబ్బాను చొక్కా పైజేబులో పెట్టకండి. వాటిలో అయస్కాంతాలు ఉంటాయి. ఆరంగుళాల దూరంలో ఉంచాలి. అమ్మ గుండె మీద తల పెట్టి మనవడు పాట వింటూ పడుకోవడం చూడ్డానికి బాగుంటుంది, పేస్‌మేకర్ ఉన్న అమ్మకు అది మంచిది కాదు. మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ కూడా అంతే. తలలో నీరు తగ్గించడానికి సర్దుబాటు చేసే వాల్వు ఉన్న షంట్ వేయించుకున్న పిల్లల విషయంలోనూ డాక్టరును అడిగే పెట్టండి. ఎమ్మారై గదిలోకి మీ సొంత ఇయర్‌ఫోన్ తీసుకెళ్ళకూడదు. అక్కడి శబ్దానికి చెవులు కాపాడే సామాను వారే ఇస్తారు.

రాత్రి కాపలా ఉండేవారు రెండు చెవులకూ బడ్స్ పెట్టుకుని నిద్రపోవద్దు. రోగి నీళ్ళడిగినా, మానిటర్ మోగినా మీకు తెలియదు. సిస్టర్ వచ్చి మిమ్మల్ని తట్టి లేపవలసి వస్తుంది. కునుకు తీయక తప్పదనుకుంటే సిస్టర్‌కు చెప్పి, ఒక చెవి ఖాళీగా ఉంచండి. అప్పుడు ఫోన్‌లో రెండు వైపుల సౌండునూ ఒకటిగా కలిపే "మోనో" సెట్టింగు పెట్టుకుంటే ఒక్క చెవిలోనే అంతా వినిపిస్తుంది. ఒక చెవి మాత్రమే పనిచేసేవారికి కూడా ఇది ఎంతో ఉపయోగం. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌కు వైరు ఇయర్‌ఫోన్ తగిలించి పడుకోకండి, నాసిరకం ఛార్జర్‌తో కరెంటు కొట్టే ప్రమాదం ఉంది. ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరు వాడకండి, పక్క మంచంవారు అడిగినా మొహమాటపడకండి.

అయితే రోగిని ఇయర్‌ఫోన్‌తో ఒంటరిగా వదిలేయడమూ నాకు నచ్చదు. 1979లో జపాన్‌లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు దానికి ఇద్దరు కలిసి వినడానికి రెండు రంధ్రాలు పెట్టారు. నడుమ మాట్లాడుకోవాలంటే పాటను తగ్గించడానికి ఒక నారింజ రంగు మీట కూడా ఉండేది. ఒంటరిగా వినడం మర్యాద కాదని వారు అనుకున్నారేమో! ఇప్పుడు మీరే ఆ మీట కావాలి. మంచం మీద ఉన్న నాన్నతో మాట్లాడేటప్పుడు ఆయన చెవిలోదీ, మీ చెవిలోదీ తీసి మాట్లాడండి.

ఇంట్లో పెద్దవారికి వినికిడి తగ్గి, టీవీ సౌండు వీధంతా వినిపిస్తుంటే హెడ్‌ఫోన్ కొనిస్తారు. టీవీకి అది ఫరవాలేదు. కానీ హెడ్‌ఫోన్ వినికిడి యంత్రం కాదు. టీవీ ప్రకటనల్లో అమ్మే చెవి యంత్రాలు కూడా వినికిడి యంత్రాలు కావు, అవి అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచుతాయి. వినికిడి యంత్రమైతే ఏ శబ్దం ఎంత తగ్గిందో పరీక్షించి, అంతవరకే పెంచేలా సర్దుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అర్హత ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద యంత్రం ఇచ్చే విధానం ఉంది, ధ్రువపత్రాలు తీసుకుని వెళ్ళి అడగండి.

మా గదికి వచ్చేటప్పుడు మీ ఇయర్‌ఫోన్, ఫోన్ రెండూ వెంట తెచ్చుకోండి. సిగ్గుపడవద్దు, మురికిగా ఉన్నా సరే తీసుకురండి. మీరు వినే సౌండును అలాగే ఉంచండి, తగ్గించి చూపించకండి. సౌండు తగ్గింది ఏ చెవికి, ఏ రోజు, పొద్దునా రాత్రా, అప్పుడు జలుబు ఉందా, హోరు ఉందా, తల తిరిగిందా, ఏ మందులు వాడుతున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వస్తే మా పని సగం తగ్గుతుంది. ఆ కాగితంలో తేదీ మాత్రం మర్చిపోకండి.